శ్రమల మీద నాలుగు వారాల పాఠం: "ఎందుకు ప్రభువా" అని అడిగేవాళ్ళకు ఏం చెప్పాలి?

గాజువాక కాటేజ్

అందరికీ వందనాలు. గాజువాకలో మా ఇంటి కూడిక ప్రతి గురువారం రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది. పన్నెండు, పదిహేను మంది వస్తారు. ఎక్కువగా స్టీల్ ప్లాంట్, పోర్టు పనుల కుటుంబాలే. వచ్చే నెల నాలుగు గురువారాలూ శ్రమల మీద, అంటే మనకొచ్చే బాధల మీద, బైబిలు పాఠం చెప్పమని అయ్యగారు (మా పాస్టరు) నాకు అప్పగించారు.

కూడికలో చేతికొచ్చిన కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులున్నారు. డయాలసిస్ చేయించుకుంటున్న ఒక ఆంటీ ఉన్నారు. ప్రార్థన మానేసిన ఒక తమ్ముడు, వాళ్ళమ్మ కోసం వచ్చి వెనక కూర్చుంటాడు. మిగతావాళ్ళు మంచి మనసుతోనే "అంతా మేలుకే" అంటుంటారు, అది మాత్రం ఎవరికీ ఆదరణగా లేదు.

ఏ పుస్తకం తీసుకోవాలి? ఆస్తినీ పిల్లల్నీ పోగొట్టుకున్న యోబు గ్రంథం అయితే నాలుగు గంటల్లో అవుతుందా? ఏ వచనాలు తొందరపడి వాడకూడదు? "ఎందుకు" అని మొహం మీదే అడిగితే ఏమనాలి? ప్రసంగాలు వద్దు, పని జరిగే మార్గం చెప్పండి.

పాత పోస్టాఫీసు పాఠకుడు

బ్రదర్, యోబే తీసుకోండి, కాని మొత్తం వద్దు. 42 అధ్యాయాల్లో మన సంఘాల్లో వినబడేవి మూడే: మొదటిది, రెండోది, ఆఖరిది. మధ్యవి వదిలేస్తే యోబు "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అని ఊరుకుని, రెట్టింపు ఆస్తి అందుకున్న మనిషిగా మిగిలిపోతాడు. 1:21లో ఆ మాట అన్న నోరే 3:1లో తాను పుట్టిన దినాన్ని శపించింది. మీ కూడికలో కూర్చున్నవాళ్ళు ఎక్కువమంది మూడో అధ్యాయంలో ఉన్నారు, మనం వాళ్ళకి ఒకటో అధ్యాయం చదివి వినిపిస్తున్నాం.

మొదటి వారం 2:11 నుంచి 3:26 వరకు చాలు. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద యోబుతో కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు. ఆ పుస్తకం మొత్తంలో వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. తర్వాత మూడో అధ్యాయం, 26 వచనాలు, బాగా చదివే ఒకరి చేత నెమ్మదిగా చదివించండి. వచనానికొకరు చొప్పున పంచకండి, తడబాటు మధ్యలో ఏడుపు పోతుంది. చదివాక వ్యాఖ్యానం చెప్పకుండా ఒకే ఒక ప్రశ్న వేయండి: "ఈ మాటలు యోబు మన కూడికలో లేచి అంటే మనం ఏం చేస్తాం?" కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ నిశ్శబ్దాన్ని పాటతో పూడ్చేయాలనిపిస్తుంది, ఆగండి.

రెండో వారం స్నేహితుల మాటలు. ఎలీఫజు 4:7-8, బిల్దదు 8:4, జోఫరు 11:6. ఇక్కడ జాగ్రత్త. బిల్దదు 8:4లో చెప్పేది, నీ పిల్లలు చేసిన పాపం వల్లే వాళ్ళకా గతి పట్టిందని. కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రుల ముందు ఆ వచనం హఠాత్తుగా చదవకూడదు. రెండు రోజుల ముందే వాళ్ళింటికి వెళ్ళి, "ఈ గురువారం ఈ వచనం వస్తుంది, దాన్ని దేవుడే తప్పని తేల్చాడని చూపించడానికే చదువుతున్నాం, మీకు కష్టమైతే ఈ ఒక్కవారం రాకపోయినా పర్వాలేదు" అని చెప్పండి. ఆ వచనం చదివిన రోజే 42:7 కూడా చదివి తీరాలి. యోబు మాట్లాడినట్టు మీరు నన్ను గురించి సరిగా మాట్లాడలేదని దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీదే. దేవుణ్ణి నిలదీసినవాడికి ఆ మెప్పు దక్కింది, దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్ళకి తిట్లు పడ్డాయి.

ఇక్కడ తేలిగ్గా జరిగే పొరపాటు, స్నేహితులను విలన్లుగా చూపించడం. వాళ్ళ మాటల్లో చాలావరకు సామెతల గ్రంథంలో ఉండదగ్గవే. ఎలీఫజు 5:13లో అన్నమాటను పౌలు 1 కొరింథీ 3:19లో లేఖనంగా ఎత్తి చెప్పాడు కూడా. చెప్పింది నిజమే అయినా, చెప్పిన మనిషికి, చెప్పిన వేళకు అతకలేదు. "అంతా మేలుకే" అనేవాళ్ళకి ఇది చూపిస్తే అవమానంగా ఉండదు, అర్థమవుతుంది.

మూడో వారం కీర్తనలకు వదిలేయండి, దాని గురించి ఇక్కడ నాకన్నా తెలిసినవాళ్ళున్నారు. నాలుగో వారం 38, 39 అధ్యాయాల్లో కొంత, 42:1-11. మొదటి రెండు అధ్యాయాల్లో పరలోకంలో దేవుడికీ సాతానుకూ మధ్య జరిగిన సంభాషణ చదివే మనకు తెలుసు. యోబుకు మాత్రం పుస్తకం ఆఖరిదాకా తెలియదు. దేవుడు సుడిగాలిలో నుంచి అంతసేపు మాట్లాడి కూడా ఆ సంగతి ఎత్తలేదు. సాతాను పేరు రెండో అధ్యాయం తర్వాత కనబడదు. అంటే "ఎందుకు" అన్నదానికి జవాబు ఉంది, అది యోబుకు ఇవ్వలేదు. దేవుడే చెప్పకుండా వదిలినదాన్ని మన కూడికలో మనం ఊహించి చెప్పడం ఎంత సాహసమో ఆలోచించండి.

38:8-11లో సముద్రానికి తలుపులు, గడియలు పెట్టి హద్దు నియమించానంటాడు దేవుడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ని చూసిన ఊరు మనది, ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ వాక్యం తుఫాను రాదని అనలేదు, వచ్చిన తుఫానుకైనా హద్దు ఉందంటోంది. అంతకు మించి లాగకండి. 41లో మకరాన్ని గాలంతో పట్టగలవా అన్న ప్రశ్న మాత్రం ఫిషింగ్ హార్బర్ వైపువాళ్ళకి మనకన్నా బాగా తెలుస్తుంది.

ఇంకొకటి. 42లో గొర్రెలు ఏడువేల నుంచి పద్నాలుగు వేలయ్యాయి, ఒంటెలు మూడువేల నుంచి ఆరువేలు. పిల్లలు మాత్రం మళ్ళీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళే, రెట్టింపు లేదు. పోయిన పదిమందీ పోయినవాళ్ళుగానే ఉన్నారు. ఆ తల్లిదండ్రుల ముందు "దేవుడు రెట్టింపు ఇస్తాడు" అనే మాట ఎవరి నోటా రాకుండా చూడండి.

వార్డు సిస్టర్

పాఠం సంగతి అన్నగారు చెప్పారు కాబట్టి నేను పాఠం బయటి సంగతి రాస్తాను. నాలుగు గురువారాలు ఎంత చక్కగా చెప్పినా మధ్యలో ఆరు రోజులుంటాయి.

డయాలసిస్ ఆంటీ గురించి. మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు పడుతుంది. ఆవిడది మంగళ, గురు, శని బ్యాచ్ అయితే గురువారం రాత్రికి ఒంట్లో ఓపిక ఉండదు. కళ్ళు మూసుకుంటే పాఠం మీద ఆసక్తి లేదనుకోకండి. వెళ్ళి చూసేవాళ్ళు కొబ్బరి బోండాలు, అరటిపళ్ళు, పళ్ళరసం పట్టుకెళ్తారు. అవన్నీ పొటాషియం ఎక్కువగా ఉన్నవి, కిడ్నీలు పనిచేయనివాళ్ళకి ప్రమాదం, గుండె కొట్టుకునే తీరు మీద పడుతుంది. నీళ్ళు కూడా కొలత ప్రకారమే తాగాలి, "ఇంకో గ్లాసు తాగమ్మా" అని బలవంతం వద్దు. చేతులుంచి ప్రార్థన చేసేటప్పుడు ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతిని గట్టిగా పట్టుకోకూడదు. ఏ చేయో ముందే అడగండి.

ఉపవాస ప్రార్థనకు రమ్మని ఇలాంటివాళ్ళని పిలవకండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు మందు వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోయి స్పృహ తప్పుతుంది. "విశ్వాసం ఉంటే మాత్రలు ఎందుకు" అనే మాట మీ కూడికలో ఎవరైనా అంటే అప్పటికప్పుడే, అందరి ముందే ఖండించాలి. తర్వాత చాటుగా చెప్తే చాలదు, విన్న రోగి ఆ రాత్రే మాత్ర మానేస్తారు. జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు ఇంకా పదిహేనేళ్ళు ఆయుష్షు ఇస్తానని దేవుడు మాట ఇచ్చాక కూడా యెషయా ప్రవక్త పుండు మీద అంజూరపు ముద్ద పెట్టించాడు, 2 రాజులు 20:7. తిమోతి కడుపు జబ్బుకి పౌలు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నాడు, స్వస్థత కూడిక పెట్టలేదు.

కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి వెళ్ళినప్పుడు ఇద్దరికన్నా ఎక్కువమంది వద్దు. పది నిమిషాలు చాలు. నిలబడి పైనుంచి మాట్లాడకుండా స్టూలు మీద కూర్చుంటే కళ్ళు కలుస్తాయి. "ప్రార్థన చేయమంటారా" అని అడగండి, వద్దంటే వద్దు. చేస్తే రెండు నిమిషాలు, పక్క మంచానికి వినబడనంత మెల్లగా. పక్క మంచంలోనూ ఒక ప్రాణం బాధపడుతోంది. ప్రార్థనలోకి ప్రసంగం దూర్చడం చాలామందికి అలవాటు, "ప్రభువా, ఈ సహోదరి తన తప్పులు ఒప్పుకునేలా..." అని దేవుడికి చెప్తున్నట్టు రోగికి చెప్పడం. అది ప్రార్థన కాదు, కళ్ళు మూసుకుని వేసే చురక.

చావు జరిగిన ఇంటికి వాక్యం కన్నా ముందు పనిచేసే మనుషులు కావాలి. ఇద్దరు వంట క్యారియర్ల సంగతి చూడాలి, ఒకరు మరణ ధ్రువపత్రం. 21 రోజుల్లో నమోదు జరగాలి, దాటితే ఆలస్య రుసుమూ తిరుగుడూ. ఆసుపత్రిలో పోతే సమాచారం ఆసుపత్రి నుంచే వెళ్తుంది, ఇంట్లో పోతే ఇంటివాళ్ళే చెప్పాలి. బ్యాంకు, ఇన్సూరెన్సు, పెన్షను, అన్నిటికీ నకళ్ళు అడుగుతారు కాబట్టి ఒకేసారి ఎక్కువ తీసుకోండి. ఆదరణ కూడిక అయిపోయాక అందరూ మాయమవుతారు, అసలు దుఃఖం అప్పుడు మొదలవుతుంది. ఆ అబ్బాయి పుట్టినరోజు, మొదటి క్రిస్మస్, పోయిన తేదీ, ఈ మూడు మీ ఫోన్లో పెట్టుకుని ఆరోజు వెళ్ళండి. అబ్బాయి పేరు ఎత్తితే ఏడుస్తారని భయపడి ఎత్తకుండా ఉండకండి. పేరు పలికేవాళ్ళు లేకపోవడమే వాళ్ళకి ఎక్కువ బాధ.

ఎండాడ విశ్వాసి

ప్రైజ్ ది లార్డ్. అందరూ మెత్తగా రాస్తున్నారు. కొన్ని ఇళ్ళల్లో వరసగా చావులు, జబ్బులు వస్తుంటే వంశ శాపం ఉందేమో చూడాలి కదా? ఒప్పుకోలు, విడుదల ప్రార్థన చేయించకుండా ఊరికే ఏడవమంటే ఏం ప్రయోజనం? నిర్గమకాండం 20:5లో తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా పిల్లల మీదికి వస్తుందనే సంగతి ఉంది.

మధురవాడ మాస్టారు

విశ్వాసి గారూ, ఆ వచనం అక్కడే పూర్తిగా చదవండి, "నన్ను ద్వేషించువారి" అని ఉంది. ఆరో వచనంలో ప్రేమించేవాళ్ళకి వెయ్యి తరాల కరుణ ఉంది. యెహెజ్కేలు 18వ అధ్యాయం మొత్తం ఇదే గొడవ. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్ళు పులిశాయి అనే సామెత ఇకమీదట ఇశ్రాయేలులో పలకవద్దని దేవుడే అన్నాడు, పాపం చేసినవాడే చస్తాడని 4లోనూ 20లోనూ రెండుసార్లు. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ మీ ప్రశ్నే, వీడా, వీడి కన్నవాళ్ళా? యేసు రెండూ కాదన్నాడు. లూకా 13:4లో సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్ళు మిగతా యెరూషలేమువాళ్ళ కన్నా పాపులని అనుకుంటున్నారా అని అడిగి, కాదని తానే చెప్పాడు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి గ్యాస్ లీకై నిద్రలోనే ఊపిరాడక పోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వంశ శాపం వెతుకుతామా? ట్యాంకులో ఉష్ణోగ్రత ఎందుకు పెరిగిందో వెతకాలి, జవాబుదారీ అడగాలి.

అయితే మీరన్నదాంట్లో ఒక ముక్క ఉంది. మనిషి తన తాగుడు వల్ల కాలేయం పాడుచేసుకుంటే అది ఫలితమే, గలతీ 6:7. అలా కంటికి కనబడేదాన్ని అతనితో ఏకాంతంగా మాట్లాడొచ్చు. కనబడని పాపాన్ని ఊహించి అంటగట్టడమే బిల్దదు చేసింది.

గాజువాక కాటేజ్

అందరికీ కృతజ్ఞతలు. సిస్టర్ గారూ, పొటాషియం సంగతి మాకెవరికీ తెలియదు, ఆంటీ వాళ్ళింటికి వెళ్ళేవాళ్ళందరికీ పంపేశాను.

ఇంకో ముడి. యాకోబు 5:15 సూటిగా "విశ్వాససహితమైన ప్రార్థన ఆ రోగిని స్వస్థపరచును" అంటోంది. ఆ అబ్బాయి ఐసీయూలో ఉన్నప్పుడు సంఘమంతా గొలుసు ప్రార్థన, అంటే ఒకరి తర్వాత ఒకరు ఆగకుండా ప్రార్థన, చేసింది. బతకలేదు. విశ్వాసం చాల్లేదనే మాట తల్లి చెవిన పడింది. ప్రార్థన మానేసిన తమ్ముడు అడిగేదీ ఇదే: జవాబు ఎలాగూ ఆయన ఇష్టమైతే అడగడం దేనికి?

మధురవాడ మాస్టారు

ముందు యాకోబు. 5:14 నుంచి చదవండి. రోగి చేయవలసింది పెద్దలను పిలిపించడం ఒక్కటే. నూనె రాసేది పెద్దలు, ప్రార్థన చేసేది పెద్దలు. 15లోని విశ్వాసం ఆ ప్రార్థనది. లోటు వెతకాలనుకుంటే పెద్దల దగ్గర వెతకాలి గాని మంచం మీద ఉన్నవాడి దగ్గర, వాడి తల్లి దగ్గర కాదు. మత్తయి 17:20లో అల్పవిశ్వాసమని గద్దించింది కూడా జబ్బు పిల్లవాణ్ణి బాగుచేయలేకపోయిన శిష్యుల్ని, ఆ పిల్లవాడి తండ్రిని కాదు. మార్కు 9:24లో ఆ తండ్రి నమ్ముచున్నాను, నా అపనమ్మకానికి సహాయం చేయమని కేక వేశాడు, పిల్లవాడు బాగయ్యాడు. కాబట్టి "మీ విశ్వాసం చాల్లేదు" అని కుటుంబంతో అనడానికి ఈ రెండు చోట్లా ఆధారం లేదు. ఈ మాట తల్లితో మీరొక్కరే చెప్పడం కాదు, అయ్యగారు చెప్పాలి. ఆ నింద సంఘంలో నుంచి వచ్చింది గనుక దాన్ని వెనక్కి తీసుకోవలసిందీ సంఘ కాపరే.

ఇక వచనం మాటకొస్తే, యాకోబు రాసింది సంఘం చేయవలసిన పని గురించి, ప్రతిసారీ వచ్చే ఫలితానికి హామీపత్రం కాదు. అపొస్తలుల కాలంలోనే అది అలా పనిచేయలేదు. పౌలు మూడుసార్లు వేడుకున్నా ఆయన శరీరంలోని ముల్లు (ఆయన పడిన బాధ) పోలేదు, 2 కొరింథీ 12:8-9. తన తోటి పనివాడు త్రోఫిమును మిలేతులో రోగంతోనే విడిచి వచ్చానని 2 తిమోతి 4:20లో రాశాడు, ఏ వివరణా ఇవ్వలేదు. కనాను చూడనివ్వమని మోషే బతిమాలితే ఇక ఈ సంగతి నాతో ఎత్తవద్దన్నాడు దేవుడు, ద్వితీయోపదేశకాండం 3:26. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో కుమారుడైన యేసే మూడుసార్లు అదే మాట చెప్పి ప్రార్థించాడు, శ్రమల గిన్నె తొలగలేదు. ఆయన విశ్వాసం చాల్లేదని అనే ధైర్యం ఎవరికుంది?

నాకు అన్నిటికన్నా బరువుగా అనిపించేది అపొస్తలుల కార్యములు 12. రెండో వచనంలో హేరోదు యోహాను సహోదరుడు యాకోబును కత్తితో చంపించాడు. ఏడో వచనంలో దూత వచ్చి, పదహారుగురు సైనికుల కాపలాలో ఉన్న పేతురును విడిపించాడు. అదే రాజు, అదే సంఘం. యాకోబు తల్లి ఆ ఊళ్ళోనే ఉండి ఉంటే పేతురు సాక్ష్యం ఎలా విని ఉంటుంది? లూకా ఆ తేడాకి కారణం రాయలేదు. ఇంకా తమాషా, పేతురు కోసం ప్రార్థన చేస్తున్నవాళ్ళే రొదే అనే పనిపిల్ల వచ్చి ఆయన తలుపు దగ్గరున్నాడంటే పిచ్చిదానివన్నారు. అంటే వాళ్ళ విశ్వాసం కొలత చూసి విడుదల రాలేదు. హెబ్రీ 11 కూడా ఇలాగే 35వ వచనం మధ్యలో విరుగుతుంది. అప్పటిదాకా సింహాల నోళ్ళు మూయించినవాళ్ళు, కత్తి తప్పించుకున్నవాళ్ళు. అక్కడి నుంచి యాతన పడినవాళ్ళు, రంపాలతో కోయబడినవాళ్ళు, కత్తికి బలైనవాళ్ళు. 39లో వీళ్ళందరికీ విశ్వాసం వల్లే సాక్ష్యం దక్కిందన్నాడు. సాక్ష్యాల ఆదివారం నాడు మనం 35 సగం దాకా చదివి ఆపేస్తాం.

"అడగడం దేనికి" అన్న తమ్ముడికి ఒక్క వాక్యంలో సరిపోయే జవాబు లేదు, ఇవ్వబోకండి. జవాబు నచ్చకపోయినా మళ్ళీ అడిగినవాళ్ళు బైబిల్లో ఉన్నారని మాత్రం చూపించండి. హబక్కూకు ప్రవక్త మొదటి మాటే "ఎన్నాళ్లు". దేవుడు జవాబిచ్చాడు, బబులోనువాళ్ళను పంపుతానని. ఆ జవాబు ప్రశ్న కన్నా ఘోరంగా ఉంది, అతను మళ్ళీ అడిగాడు. మూడు అధ్యాయాలే, ఒక్కసారి కూర్చుంటే అవుతుంది, ఆ తమ్ముడితో విడిగా చదవండి. కూడికలో అందరి ముందూ అతని పేరెత్తి ప్రార్థన చేశారా, మరి రాడు.

వాడకూడని వచనాలు అడిగారు కదా. రోమా 8:28 అంత్యక్రియల రోజు వద్దు. చదవాల్సి వస్తే 8:18 నుంచి చదవండి, 22, 23, 26లో మూలుగులున్నాయి, సృష్టి, మనం, ఆత్మ అందరూ మూలుగుతున్నారు. ఆ మూలుగు దాటకుండా 28కి దూకితే అది ఆదరణ అవదు. యిర్మీయా 29:11 వాగ్దాన కార్డుల మీద ప్రతి డిసెంబరు 31 రాత్రీ వస్తుంది. దాని పై వచనంలో బబులోను చెర డెబ్బై ఏళ్ళు అని ఉంది, విన్నవాళ్ళలో పెద్దవాళ్ళు తిరిగి రాలేదు. 1 కొరింథీ 10:13 "సహింపగలిగినంతకంటె" అన్నది విగ్రహారాధన శోధన గురించి, దుఃఖానికి కొలత గురించి కాదు. "నువ్వు మోయగలవు గనుకే దేవుడిచ్చాడు" అనడం బలంగా ఉన్నవాళ్ళని శిక్షించినట్టు వినబడుతుంది. అదే పౌలు 2 కొరింథీ 1:8లో మా శక్తికి మించిన భారం పడి బ్రతుకు మీద ఆశ వదులుకున్నామన్నాడు.

కీర్తనల పిచ్చి

మూడో వారం నాకు వదిలేశారు కాబట్టి రాస్తున్నా. కీర్తనలు 150లో దాదాపు మూడోవంతు మొరలూ విలాపాలే. మన పాటల పుస్తకాల్లో, యూట్యూబ్ వర్షిప్‌లో ఆ వంతు ఎక్కడుంది?

13వ కీర్తన తీసుకోండి, ఆరే వచనాలు. 1, 2లో ఫిర్యాదు, నన్ను మరచిపోయావా, ఎంతకాలం మొహం తిప్పుకుంటావు అని సూటిగా దేవుడితోనే. 3, 4లో అడగడం, ఫలానాది చెయ్యి, లేకపోతే చచ్చిపోతాను, శత్రువు నవ్వుతాడు అని కారణాలతో సహా. 5, 6లో నమ్మిక. ఈ వరసలోనే ఒక్కొక్కరి చేత రాయించండి. తెల్లకాగితం, పెన్ను, పదిహేను నిమిషాలు. మొదట "ప్రభువా" అని పిలుపు, తర్వాత మూడు నాలుగు వాక్యాల ఫిర్యాదు, రెండు వాక్యాల మనవి. నమ్మిక భాగం ఖాళీగా వదిలేయొచ్చని ముందే ప్రకటించండి. రాయడం రానివాళ్ళు ఉంటే పక్కన ఒకరు కూర్చుని వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాయాలి, గ్రాంథికంలోకి మార్చకూడదు. "నాకొడుకుని ఎందుకు తీసుకుపోయావయ్యా" అంటే అదే రాయండి. చదివి వినిపించడం ఇష్టమున్నవాళ్ళే. కాగితాలు ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళాలి, పోగుచేయకండి, ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

ఏం చెడిపోతుందంటే: ఒకరు చదవగానే ఇంకొకరు జవాబు చెప్పడం మొదలుపెడతారు. ముందే నియమం పెట్టండి, చదివాక అందరూ కలిసి "ప్రభువా, ఆలకించుము" అనాలి, అంతే, ఇంకో మాట లేదు. రెండోది, ఫిర్యాదు భాగం రెండు ముక్కల్లో ముగించి స్తుతిలోకి పారిపోవడం. మూడోది, దేవుడితో మాట్లాడటం ఆపి దేవుడి గురించి మాట్లాడటం. "దేవుడు నన్ను చూడట్లేదు" అని రాస్తే "నువ్వు నన్ను చూడట్లేదు" అని మార్చుకోమనండి. మార్పు చిన్నదే, కాని అక్కడే గొణుగుడు ప్రార్థనగా మారుతుంది.

ఆఖర్న 88వ కీర్తన చదివి ఆపండి. 18 వచనాలు, చీకటితోనే ముగుస్తుంది, నమ్మిక మలుపే లేదు. తర్వాత ఉత్సాహమైన పాట పాడకండి. రెండు నిమిషాలు మౌనం, ప్రభువు ప్రార్థన, ఇళ్ళకు.

ఎండాడ విశ్వాసి

మాస్టారు చెప్పిన యెహెజ్కేలు 18 చదివాను. వంశ శాపం మాట వెనక్కి తీసుకుంటున్నా. కాని 88తో ముగించి ఇంటికి పంపడం నాకు మింగుడు పడట్లేదు. బలహీనులు ఇంకా కుంగిపోరా?

కీర్తనల పిచ్చి

భయం న్యాయమైనదే. అందుకే 88 ఎలా మొదలవుతుందో, మధ్యలో ఏముందో చూపించండి. మొదటి వచనంలో "నా రక్షణకర్త" అన్నాడు, 9లో ప్రతిదినం మొరపెడుతున్నానన్నాడు, 13లో ఉదయాన్నే నా ప్రార్థన నిన్ను ఎదుర్కొంటుందన్నాడు. జవాబు రాకపోయినా మానలేదు. విశ్వాసం అంటే ధైర్యంగా అనిపించడం అనుకునేవాళ్ళకి ఈ కీర్తన విశ్వాసంలా కనబడదు. యూదులు, క్రైస్తవులు దీన్ని తమ ప్రార్థన గ్రంథంలోంచి తీసేయకుండా ఉంచారంటే ఇలా ప్రార్థించేవాళ్ళకీ మందిరంలో చోటుందనే.

కుంగుబాటు వేరు, విలాపం వేరు. ఆ గీత ఎక్కడుందో సిస్టర్ గారే చెప్పాలి.

వార్డు సిస్టర్

దుఃఖంలో ఉన్న మనిషి ఏడుస్తారు, మధ్యలో ఒక జ్ఞాపకానికి నవ్వుతారు, మనవడు వస్తే లేస్తారు. వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి పూర్తిగా మానడం, స్నానం, పని అన్నీ వదిలేయడం, నేనే కారణం నేనే బతకకూడదు అనడం, వస్తువులు పంచిపెట్టేయడం కనబడితే అది పాఠంతో, ప్రార్థనతో మాత్రమే వదిలేసే సంగతి కాదు. చనిపోవాలని ఉందా అని సూటిగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఉందంటే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. మనకు చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్తే విశ్వాసం తక్కువైనట్టు కాదని సంఘంలో పైకి చెప్పండి. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద చావు కోరుకుంటే, 1 రాజులు 19, దేవుడు ముందు నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్ళు రెండుసార్లు ఇచ్చాడు. ఇక్కడేం చేస్తున్నావు అని అడిగింది ఆ తర్వాత, హోరేబు కొండ చేరాక.

పాత పోస్టాఫీసు పాఠకుడు

మన ఊరి సంగతి ఒకటి, నాలుగో వారం పనికొస్తుందేమో. లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని, సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో పోయారు. మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ ఇద్దరూ అచ్చు పుస్తకం చూడలేదు. దీన్ని "చూశారా, మంచే జరిగింది" అని ముగించడానికి వాడొద్దు. వాళ్ళు పోయిన రోజున ఆ మంచి ఎవరికీ కనబడలేదు అన్నంతవరకే చెప్పండి.

గాజువాక కాటేజ్

ఇలా అనుకుంటున్నాను. ఒకటో వారం యోబు 2, 3. రెండు, స్నేహితులు, దాంతోపాటే 42:7. మూడు, 13, 88, కాగితాలు. నాలుగు, యోబు 38, 42, తర్వాత గెత్సేమనే. తల్లిదండ్రుల దగ్గరకు ఈ ఆదివారమే వెళ్తాను, విశ్వాసం సంగతి వాళ్ళతో మాట్లాడమని అయ్యగారిని అడిగాను, సరే అన్నారు. ఆంటీది మంగళ, గురు, శని బ్యాచే అట, కాబట్టి కూడిక బుధవారానికి మార్చమని అడుగుతున్నాం. మూడో వారానికి ఏమైనా మరిచిపోయానా?

కీర్తనల పిచ్చి

రెండు చిన్న సంగతులు. మైకు వద్దు, పన్నెండు మందికి అవసరం లేదు, పైగా మైకులో ఎవరూ ఏడవలేరు. టీ, బిస్కెట్లు పాఠం ముందే ఇచ్చేయండి. ఆఖర్న పెడితే మౌనం అవగానే గ్లాసుల చప్పుడు, కరెంటు బిల్లుల మాటలు మొదలవుతాయి.

మధురవాడ మాస్టారు

గెత్సేమనే మార్కు 14:32-42 నుంచి చదవండి, "అబ్బా తండ్రీ" అన్న పిలుపు మార్కులోనే ఉంది. 37లో పేతురు నిద్రపోతున్నాడు. ఒక్క గంట మేల్కొని ఉండలేకపోయావా అన్నాడు యేసు. ఆయన వాళ్ళనుంచి అడిగింది వివరణ కాదు, దగ్గర కూర్చోమని. ఆ వచనం మీద మిగతావాళ్ళని మాట్లాడనివ్వండి, "అంతా మేలుకే" అనేవాళ్ళకి ఆ రాత్రి చేయడానికి ఒక పని దొరుకుతుంది.